వైస్ ప్రిన్సిపల్‌గా రమ్మంటున్నారు, పంపించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 32 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసి మధురవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఇప్పుడు వైస్ ప్రిన్సిపల్ పోస్టు ఇస్తామంటున్నారు. నాలుగేళ్ల పాప ఉంది. ఆడపిల్ల అంత టెన్షన్ తట్టుకోలేదని నా భయం. దీనికన్నా డీఎస్సీ రాయడం మేలా? తనేమో ఆన్‌లైన్‌లో స్కూల్ లీడర్‌షిప్ కోర్సు చేస్తానంటోంది.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు అడిగింది డీఎస్సీ గురించి. మీ ఉత్తరమంతా కనిపించింది మాత్రం బిడ్డ నలిగిపోతుందేమోనన్న దిగులు. ఏటా వేసవిలో ఇదే దిగులుతో ఎంతోమంది తల్లులు నా దగ్గరికి వస్తారు. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను.

పనిలో ఇలా నలిగిపోవడాన్ని బర్న్‌అవుట్ అంటారు. 1981లో క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరురాలు దీన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. అందులో చూసేవి మూడు. స్కూలు భాషలో చెప్తాను. ఆదివారం సాయంత్రానికే సోమవారం తలచుకుని ఒళ్లు బరువెక్కడం. పేరుపెట్టి పిలిచే పిల్లలే 'ఆ సెక్షన్ వాళ్లు' అయిపోవడం. ఎంత చేసినా దండగేననిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, ఉద్యోగంలో తగ్గించకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. కాబట్టి మీ అమ్మాయి గట్టిదా కాదా అని చూడకండి. ఆ స్కూల్లో పని ఎలా పంచారో చూడండి.

ఇక 'ఆడపిల్ల తట్టుకోలేదు' అన్న మాట. కోపం తెచ్చుకోకండి, ఇదే పోస్టు మీ కొడుక్కి వస్తే నాకు ఉత్తరం రాసేవారా? వీధంతా స్వీట్లు పంచేవారు. చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ విషయంలో ఆడా మగా తేడా చిన్నదేనని తేలింది. ఆడవాళ్లలో అలసట కాస్త ఎక్కువ. మగవాళ్లలో మనుషులకు దూరంగా జరిగిపోవడం కాస్త ఎక్కువ. ఆ అలసట ఎక్కడిదో మీకు నేను చెప్పాలా? బస్సు లేటయితే ఫోన్ ఆమెకే వస్తుంది, పాపకు జ్వరమొచ్చినా ఆమెకే వస్తుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అల్లుడిగారి ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. ఆ పాప ఆయన బిడ్డ కూడా కదమ్మా.

అండ అంటే ఇంట్లో వంట చేసిపెట్టడం ఒక్కటే కాదు. కష్టం వినడం, చేతిసాయం, దారి చెప్పడం, పని ఎలా ఉందో నిజాయితీగా చెప్పడం, ఇవన్నీ అండే. మొదటి రెండూ మీరు ఇవ్వగలరు. చివరి రెండూ స్కూల్లోనే దొరకాలి. నా దగ్గరికి వచ్చిన ఒకామెకు ఇంట్లో అన్నీ అమర్చిపెట్టే అత్తగారున్నారు. అయినా ఫీజులు వసూలు కాలేదని మేనేజ్‌మెంట్ పేరెంట్స్ ముందే నిలదీయడంతో దసరాకల్లా మానేసింది. పెందుర్తి నుంచి వచ్చే ఇంకొకామెకు ఇంట్లో సాయం తక్కువే. ఏ పేరెంట్ గొడవకు వచ్చినా ప్రిన్సిపల్ పక్కన నిలబడతారు. ఆరేళ్లుగా అక్కడే ఉంది.

ఆ ఆన్‌లైన్ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ప్రిన్సిపల్ కావాలంటే స్కూళ్లు చూసేది పీజీ, బీఈడీ, అనుభవం. మూడు నెలల సర్టిఫికెట్ వీటికి బదులు కాదు. టీచర్ రాని రోజు టైమ్‌టేబుల్ సర్దడం, కోపంగా వచ్చిన తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడటం వీడియోలు చూస్తే రావు. మంచి ప్రిన్సిపల్ పక్కన ఏడాది పనిచేస్తే వస్తాయి. పైగా పాప నిద్రపోయాక ఆమెకు మిగిలే ఆ గంట కూడా ఈ కోర్సు తీసుకుంటుంది. అంతగా చదవాలనుంటే రెండేళ్లాగి ఇగ్నో వారి ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చూడొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఈడీ కూడా ఉంది.

డీఎస్సీ సంగతి. ఉద్యోగ భద్రత ఉంటుంది, కాదనను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు, మళ్లీ అన్ని వస్తాయని చెప్పలేం. సర్కారు బడిలో టెన్షన్ ఉండదనుకోవడం మాత్రం పొరపాటు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు, బడులు బాగుచేసిన నాడు-నేడు రోజుల్లో సిమెంటు బస్తాల లెక్కలు కూడా హెడ్మాస్టర్ల మీదే పడ్డాయి. రాయాలని తనకే ఉంటే ఈ ఉద్యోగంలో ఉంటూనే చదువుకోవచ్చు.

మీ అమ్మాయికి ఇది చేయగల శక్తి ఉంది. ఏడేళ్లు పిల్లల మధ్య నిలబడిన మనిషిని స్కూలువాళ్లు ఊరికే అడగరు. ఒప్పుకునే ముందు మాత్రం మేనేజ్‌మెంట్‌ను ఇవి అడగమనండి: వారానికి ఎన్ని పీరియడ్లు తగ్గిస్తారు? ఫీజుల ఫోన్లు ఎవరు చేస్తారు? ప్రిన్సిపల్ సెలవులో ఉంటే నిర్ణయం ఎవరిది? ఇంతకుముందు ఆ సీట్లో ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు? వీలైతే వాళ్లతోనే మాట్లాడమనండి. జవాబులు నీళ్లు నమిలినట్టుంటే టీచర్‌గానే కొనసాగడంలో చిన్నతనమేమీ లేదు.

సాయంత్రం పాపను ఎవరు తీసుకురావాలో ఈ ఆదివారమే అల్లుడిగారితో కూర్చుని తేల్చండి. మేనేజ్‌మెంట్ ఏమందో నాకు రాయండి.