చచ్చిపోయిన లాన్ గడ్డి కంపోస్ట్‌కి పనికొస్తుందా?

లాన్ ఎండి చచ్చిపోయింది, ఆ గడ్డి కంపోస్ట్‌లో వేస్తే మొక్కలకేమైనా అవుతుందా అని అడిగారు. వేయొచ్చు. కానీ ముందు ఆ లాన్ మీద ఏ మందు కొట్టారో కనుక్కోండి. నేను కనుక్కోకుండా వేసి ఒక సీజన్ టమాటాలు పోగొట్టుకున్నాను.

నాకు గడ్డి ఇచ్చినవాళ్లు నీళ్లు లేక ఎండిపోయిందన్నారు. అది నిజమే. అంతకుముందు వెడల్పాకు కలుపుకి మందు కొట్టిన సంగతి వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎరువు నల్లగా, మట్టివాసనతో బ్రహ్మాండంగా వచ్చింది. నారు నాటిన రెండు వారాలకి టమాటా చిగుళ్లు మెలితిరిగి, లేత ఆకులు దారాల్లా సన్నబడ్డాయి. వైరస్ అనుకుని, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమని చంపే పనిలో పడ్డాను. చిక్కుడు ఆకులు కూడా దోసిలిలా ముడుచుకుని, పక్కనున్న మొక్కజొన్న మాత్రం నిక్షేపంలా ఉండేసరికి విషయం అర్థమైంది.

క్లోపైరాలిడ్, అమినోపైరాలిడ్ లాంటి వెడల్పాకు కలుపు మందులు గడ్డిజాతిని ఏమీ చేయవు (మొక్కజొన్నా గడ్డిజాతే), అందులోనే దాక్కుంటాయి. కుప్ప ఎంత వేడెక్కినా నెలల తరబడి పోవు. గడ్డిని కూడా చంపే గ్లైఫోసేట్ మందుతో నిజానికి ఇంత తంటా లేదు, అది కుప్పలో చాలావరకు విరిగిపోతుంది.

అనుమానముంటే ఎరువు కలిపిన మట్టి మూడు కుండీల్లో, మామూలు మట్టి మూడు కుండీల్లో పోసి చిక్కుడు గింజలు నాటండి. మూడు వారాలు ఆగి రెండువైపుల ఆకులూ పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

తెగులుతో చచ్చిన గడ్డైతే కుప్ప నడుమ 55 డిగ్రీల వేడి కనీసం మూడు రోజులు నిలవాలి. అంచులు లోపలికి వచ్చేలా తిరగేసి మళ్లీ వేడెక్కనివ్వాలి. గరికైతే పైకి ఎండినట్టే ఉంటుంది గానీ ఒక్క కణుపు బతికున్నా కుప్పలోనే చిగురిస్తుంది. వేర్లతో పీకినదాన్ని నేను ముందు ఎండలో పెళపెళలాడేదాకా ఆరబెడతాను.

ఎండుగడ్డి ఒక్కటే పోస్తే కుళ్లదు, అలా పడుంటుంది. కూరగాయల తొక్కలో, పచ్చి ఆకులో కలిపి తడపండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే.

ఇంతకీ నా పాడు ఎరువు పారేయలేదు. పూలమడులకి దూరంగా లాన్ మీదే పల్చగా చల్లేశాను. గడ్డికి ఏమీ కాలేదు, కోసిన గడ్డిని మాత్రం కుప్పలోకి రానివ్వకుండా అక్కడే వదిలేస్తున్నాను.