తిరగేసి చూశాకే కొనండి – బట్టల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే ఏడుపు, కొన్న బట్ట నిలవట్లేదు అని. బ్లౌజు కటింగు గురించి అడిగినవాళ్ళు ఏమనుకోకండి, మీవి వచ్చే నెల చూద్దాం. ఈసారి ఈ నిలవని బట్టల సంగతి తేలుద్దాం.

ప్రశ్న: మేడమ్, దసరాకి మాల్‌లో 899 పెట్టి ప్యూర్ కాటన్ అని రాసున్న కుర్తీ కొన్నాను. మూడో ఉతుక్కే పక్క కుట్టు తిరుక్కుంటూ ముందుకొచ్చి బొడ్డు దగ్గర కూర్చుంది, స్లిట్ చూస్తే తొడ మీద ఉంది. మా అమ్మేమో మిషన్‌లో వేశావు కాబట్టే అంటుంది. ఇదే రేటుకి పదేళ్ళ కింద కొన్న కుర్తీ ఇప్పటికీ ఇంట్లో వేసుకుంటున్నా, దాన్నీ మిషన్‌లోనే ఉతికాను కదా! తప్పు నాదేనా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ తప్పేం లేదమ్మా, మీ అమ్మగారికి ఈ పేజీ చూపించండి. ఆ కుర్తీ షాపులో హ్యాంగర్‌కి వేలాడుతున్నప్పుడే వంకర, కాకపోతే గట్టి ఇస్త్రీ కింద దాక్కుంది. బట్టకి పడుగు, పేక, అంటే నిలువు పోగు, అడ్డ పోగు ఉంటాయి కదా, ఆ నిలువు పోగు మన ఒంటికి కూడా నిలువుగా పడేలా కొయ్యాలి. మా టైలరింగ్ కొట్లో ఒక్క డ్రెస్ కొయ్యడానికి నేను పది నిమిషాలు బట్ట సర్దుకునేదాన్ని, ఫ్యాక్టరీలో పొర మీద పొర పేర్చి మిషన్‌తో ఒకేసారి కోసేస్తారు, అక్కడ జానెడు బట్ట మిగిల్తే వేల కుర్తీల మీద ఎంత మిగిలినట్టు? అందుకని ముక్కల్ని కాస్త ఏటవాలుగా తిప్పి ఇరికిస్తారు. నీళ్ళు తగిలాక పోగు తన దారి తాను చూసుకుంటుంది, కుట్టు దాని వెంట పోతుంది. టీషర్టులు, లెగ్గింగ్స్ కూడా ఇలాగే తిరుగుతాయి గానీ వాటి సంగతి వేరు, అవి నేత బట్ట కాదు అల్లిక బట్ట, నూలు పురిలోనే ఆ మెలి ఉంటుంది.

ఇక ప్యూర్ కాటన్ సంగతి. మీరు పంపిన ఫోటోలో ఆ కుర్తీ మెరుపు, ఒంటి మీద జారుతున్న తీరు చూస్తే అది రేయాన్ అనిపిస్తోంది నాకు, ఫోటో చూసి ఒట్టేసి చెప్పలేను అనుకోండి. రేయాన్ చెడ్డదని కాదు, మెత్తగా ఉంటుంది, చెమటా పీలుస్తుంది, కానీ తడిస్తే దాని బలం సగానికి సగం పడిపోతుంది. తడి రేయాన్‌ని పిండి మెలేస్తే అంతే సంగతులు. కాటన్ దానికి రివర్సు, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, అందుకే మన చాకిరేవుల్లో బండకేసి బాదినా బతికింది.

కాల్చి చూడమని అందరూ చెప్తారు గదా, లోపలి కుట్టు దగ్గర్నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లకి పెడితే పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా అవుతుంది, ప్లాస్టిక్ వాసన. కాటన్ కాయితంలా కాలి బూడిదవుతుంది. కానీ రేయాన్ కూడా కాయితంలాగే కాలుతుంది, ఎందుకంటే అదీ చెట్టు గుజ్జులోంచి తీసిందే! కాబట్టి ఈ పరీక్షతో పాలిస్టర్‌ని పట్టుకోవచ్చు గానీ రేయాన్‌ని పట్టుకోలేం. దానికి నేనొకటి చేస్తా. ఒక పోగు తీసి మధ్యలో ఉమ్మి తడి చేసి రెండు చివర్లూ పట్టుకుని లాగండి, సరిగ్గా తడి దగ్గరే పుటుక్కున తెగితే రేయాన్. షాపులో చేస్తే సెక్యూరిటీవాడు వస్తాడు, ఇంటికొచ్చాక చేసుకోండి.

పదేళ్ళ కింద ఇదే రేటుకి మంచిది వచ్చిందన్నారు చూశారా, అసలు విషయం అక్కడే ఉంది. అన్నీ పెరిగాయి, ట్యాగు మీద మాత్రం అదే 899, అదే 999. జనం వెయ్యి దాటితే వెనకాడతారని ముందు రేటు రాసుకుని ఆ రేటుకి సరిపడా బట్ట వెతుకుతున్నారు, అంతే. జీఎస్టీ కూడా దీనికి కొంత తోడైందని నా అనుమానం, 2017 నుంచి వెయ్యి లోపు బట్టకి 5 శాతం, దాటితే 12 శాతం ఉండేది కదా. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత 2500కి జరిగింది, మరి బట్ట ఏమన్నా చిక్కబడుతుందేమో చూద్దాం, నాకైతే ఆశ లేదు. ఈ మధ్యలో 2022 మే నెలలో పత్తి క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది. అప్పుడు చాలామంది కాటన్ తగ్గించి పాలిస్టర్ కలిపారు, పలచన బట్టకి దిగారు. తర్వాత పత్తి దిగొచ్చింది. బట్ట మాత్రం, నేను చూసినంతలో, పలచగానే ఉండిపోయింది. ఒకసారి జనం అలవాటు పడ్డాక మళ్ళీ చిక్కటిది ఎందుకిస్తారు చెప్పండి.

ఇంకొకటి, ఈసారి షాపుకెళ్ళినప్పుడు కుర్తీని తిరగేయండి. పక్క కుట్టు లోపల ఎంత బట్ట వదిలారో చూడండి. మేం కుట్టేటప్పుడు ఇటు ఇంచి అటు ఇంచి వదిలేవాళ్ళం, దసరాకి కుట్టించుకున్న పిల్ల సంక్రాంతికి ఒళ్ళు చేస్తే విప్పి లూజు చేసి ఇవ్వాలి కాబట్టి. ఇప్పుడు కుట్టు పక్కనే ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే మిషన్ కుట్టు) కొట్టి కోసేస్తున్నారు, పావు ఇంచి కూడా ఉండదు. కాస్త బిగుతైతే ఆ అంచు పోగులు జారిపోయి కుట్టుతో సహా ఊడొస్తుంది, మళ్ళీ కుడదామన్నా పట్టు దొరకదు. కింద మడత దగ్గర దారం చివర వేలాడుతుంటే మెల్లగా లాగి చూడండి, సర్రున మొత్తం విడిపోతే అది గొలుసు కుట్టు, ఇంటికెళ్ళే లోపే కాలి పట్టీకి తగిలి ఊడిపోయే రకం. గళ్ళో చారలో ఉంటే పక్క కుట్టు దగ్గర అవి కలిశాయో లేదో చూడండి, కలిపి కుట్టారంటే ఎవరో ఒకరు మనసు పెట్టారని.

ప్రశ్న: మేడమ్ నమస్తే, మాది కరీంనగర్. మా చెల్లె పెండ్లికని రెండు షర్టులు తీస్కున్న, ఒక్కోటి పదమూడు వందలు. రెండుసార్లు ఉతికినంక కాలర్ మీద పూరీల లెక్క బుగ్గలు లేచినయ్, ఎంత ఇస్త్రీ కొట్టినా పోతలేవు. మా బాపు అంగీలు ఇరవై ఏండ్లయినా కాలర్ అట్లనే ఉంటది, ఏం సంగతి?

జవాబు: తమ్ముడూ, కాలర్ లోపల గట్టిగా ఉండటానికి బక్రం పెడతారు. మీ బాపుగారి అంగీలకి దాన్ని కుట్టి ఉంటారు, మీ షర్టుకి గమ్ముతో అతికించారు. అతికించడం తప్పు కాదు, పెద్ద పెద్ద కంపెనీలూ అతికిస్తాయి, కానీ వేడి సరిగా తగలకపోయినా, బక్రం ఒకలా బట్ట ఒకలా ముడుచుకుపోయినా మధ్యలో గాలి చేరి బుగ్గలు లేస్తాయి. ఇక ఇస్త్రీ ఎంత కొట్టినా దండగే. మంచి టైలర్ దొరికితే కాలర్ విప్పించి తిరగేసి కుట్టించుకోండి, బుగ్గలు కింది వైపుకి పోతాయి. పాతకాలంలో కాలర్ అరిగితే ఇదే చేసేవాళ్ళం.

మీది కరీంనగర్ అన్నారు కాబట్టి ఒక మాట. మీ పక్కనే సిరిసిల్లలో మరమగ్గాలు ఎక్కువగా పాలిస్టరే నేస్తాయి, మీ చుట్టూ చేలల్లో చూస్తేనేమో తెల్లగా పత్తి. మన పత్తి ఎక్కడికో పోయి నూలై, షర్టై, మళ్ళీ మన మాల్‌కే వస్తుంది, వచ్చేసరికి సగం పాలిస్టర్ కలుస్తుంది. నాకిది ఎప్పుడు తల్చుకున్నా చిత్రంగానే ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, మంగళగిరి కాటన్ అని చెప్పి ఇచ్చిన చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు నాలుగు కూడా రాలేదు, పైట చూస్తే మోకాలి దాకా కూడా లేదు. నేనేం లావు మనిషిని కాదు. చీరలు పొట్టివైపోయాయా, నాకే కట్టుకోవడం మర్చిపోయిందా?
– గాజువాక

జవాబు: చీరలే పొట్టివయ్యాయి తల్లీ. చీర ఐదున్నర మీటర్లు ఉండాలి, జాకెట్టు ముక్క ఇంకో 80 సెంటీమీటర్లు. మూరల్లో అయితే చీర మట్టుకు పన్నెండు మూరలు, షాపులోనే మోచెయ్యి పెట్టి కొలిచేయండి, సిగ్గేం లేదు, మా అత్తగారు ప్రతి చీరా కొలిచేది, షాపువాళ్ళు ఆవిణ్ణి చూస్తే ముందే టేపు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు జాకెట్టు ముక్కతో కలిపి ఐదున్నర అని చల్లగా చెప్తున్నారు, జాకెట్టు కోశాక మీకు మిగిలేది నాలుగు మీటర్ల డెబ్భై. దాంతో కుచ్చిళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి?

ఇక అది మంగళగిరిదేనా అంటే, మరమగ్గం మీద నేసి చేనేత పేరు పెట్టి అమ్మడం కొత్త కాదు. అంచు, డిజైన్ ఉన్న కాటన్ చీర చేనేత మగ్గం మీదే నెయ్యాలని 1985లోనే చట్టం చేశారు, మొదట 22 రకాలు రిజర్వ్ చేసి తర్వాత 11కి తగ్గించారు, ఆ 11లో చీర ఇప్పటికీ ఉంది. చట్టం ఉంది, బజారులో దొరికేది మాత్రం మీకు తెలుసు. చేనేతదని చెప్పే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో అడగండి, లేదంటే మన రెండు రాష్ట్రాల చేనేత సహకార సంస్థలు ఆప్కో, టెస్కో షోరూములకో నేతగాళ్ళ సొసైటీకో వెళ్ళండి. గాజువాక నుంచి మంగళగిరి దూరమే గానీ ఎప్పుడైనా విజయవాడ వైపు పనిపడితే దిగి కొనుక్కోండి.

ప్రశ్న: బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది. లెహంగా జిప్ ఇంటికొచ్చాక మొదటిసారి వేసుకోగానే విరిగింది. షాపులో బోర్డు చూపించి పంపించేశారు. చేసేదేం లేదా?
– కూకట్‌పల్లి

జవాబు: ఉంది. ఆ బోర్డు రంగు నచ్చలేదనో, మా ఆయన వద్దన్నాడనో వెళ్ళినవాళ్ళకి పనికొస్తుంది గానీ సరుకే లోపం ఉన్నప్పుడు కాదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేం రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపారం కిందకొస్తుంది. బిల్లు, జిప్ ఫోటో పట్టుకుని ముందు మేనేజర్‌తో మాట్లాడండి, కౌంటర్ పిల్లల మీద అరవకండి, వాళ్ళ చేతిలో ఏం ఉండదు పాపం. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి. ఈలోగా జిప్ మార్పించెయ్యకండి, ఇక చూపించడానికి ఏం మిగలదు.

ప్రశ్న: నాకు 54. బ్యాంకులో ఉద్యోగం. షాపుకెళ్తే ఇరవై ఏళ్ళ పిల్లలవి, లేకపోతే నైటీలు, మధ్యలో నాలాంటివాళ్ళకి ఏమీ లేవు. అన్ని షాపుల్లో పైదీ కిందదీ ఒకే బట్టతో కుట్టిన అవే కోఆర్డ్ సెట్లు, అదే లేత ఆకుపచ్చ, అదే నెక్ మీద అదే దారప్పని. కుర్తీలకి చేతులుండవు, లోపల రెండు ముక్కలు పిన్ను కొట్టి ఇస్తారు, అవి కుట్టిస్తే మోచేతి దాకా కూడా రావు. ఎక్స్ఎల్ అని రాసి ఉంటుంది, చంకల్లో పట్టేస్తుంది. డబ్బులు పెడతానన్నా సరైనది దొరకదేంటి?
– రాజమండ్రి

జవాబు: మీ ఉత్తరం చదివి మా ఇంట్లో బయటికే చదివి వినిపించాను, మా వదిన "నా మనసులో మాటే" అంది. ఆ పిన్ను కొట్టిన చేతుల ముక్కలంటే నాకు ఒళ్ళు మంట. చేతులు తగిలించాలంటే చంక వంపు చూడాలి, ఇటు చెయ్యి అటు చెయ్యి సరిచూడాలి, ఆ పని మొత్తం మన నెత్తిన పెట్టి దానికి స్టైల్ అని పేరు. అన్ని షాపుల్లో ఒకటే కనిపించడానికి కారణం, ఏది అమ్ముడుపోతుందో అది చూసి అందరూ అదే కుట్టించడం. ఎక్స్ఎల్ గురించి అడిగారు, మా టైలర్లలో ఇది అందరికీ తెలిసిన సంగతే, సైజులు చాలా చోట్ల చిన్న సైజు నమూనాని అన్ని వైపులా కాస్త పెంచి చేస్తారు, మనిషి అలా పెరగదు కదా, యాభై దాటాక భుజం అలాగే ఉండి చెయ్యీ నడుమూ పెరుగుతాయి.

మీకు నా సలహా, మీరు రాజమండ్రిలో ఉండి రెడీమేడ్ కోసం తిప్పలు పడటమేంటండీ? మహాత్మాగాంధీ హోల్‌సేల్ క్లాత్ మార్కెట్ చేతి దూరంలో పెట్టుకుని! మీటరు బట్ట తీసుకోండి. 44 ఇంచీల పన్నా (బట్ట వెడల్పు) అయితే నిండు చేతుల కుర్తాకి రెండున్నర మీటర్లు సరిపోతుంది, మీరు పొడుగైతే ఇంకో పావు కలుపుకోండి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, అవతల మనిషి మొహం కనిపిస్తే వద్దు. కొన్నాక రాత్రంతా నీళ్ళల్లో నానేసి, పిండకుండా నీడన ఆరేసి, అప్పుడు టైలర్‌కి ఇవ్వండి, ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది. మీకు బాగా పట్టిన పాత కుర్తా ఒకటి కొలతకి ఇవ్వండి. లోపల ఇంచి బట్ట వదలమని రెండుసార్లు చెప్పండి, ఒకసారి చెప్తే మర్చిపోతారు. టైలర్లు చెప్పిన రోజుకి ఇవ్వరని మీరు అంటారు, నిజమే, నేనూ ఇచ్చేదాన్ని కాదు. పండక్కి నెల ముందే ఇచ్చేయండి.

జేబు కూడా పెట్టించుకోండి. "లేడీస్‌కి జేబెందుకమ్మా, షేపు పోతుంది" అంటారు, వినకండి. నోటితో చెప్తే రుమాలు పట్టనంత జేబు కుట్టి పెడతారు, అందుకని మీ ఫోన్ తీసి ఆయన టేబుల్ మీద పెట్టి, ఇది మొత్తం మునగాలి అని చెప్పి, ఆయన సుద్దతో గీత గీసిందాకా అక్కడే నిలబడండి.