రెండో పీరియడ్‌లో ఎందుకు డీలా పడుతున్నారు?

ప్రశ్న: మా దగ్గర పదిహేను మంది కుర్రాళ్లు కుస్తీ నేర్చుకుంటున్నారు. మొదటి మూడు నిమిషాలు బాగానే ఆడతారు, రెండో పీరియడ్‌కి చేతులెత్తేస్తున్నారు. సైకిల్ మీద చేసే వింగేట్ టెస్ట్ చేయించాలా? మ్యాట్ మీదే చేసేది ఏమైనా ఉందా?
– ఒక కోచ్, వరంగల్

జవాబు: వింగేట్ లేకపోయినా నష్టం లేదు. ఒంటి బరువులో కిలోకు 75 గ్రాముల లోడ్ పెట్టి 30 సెకన్లు తొక్కిస్తారు. దాంతో కాళ్ల సత్తా తెలుస్తుంది. మీవాళ్లు పట్టు జారి ఓడిపోతుంటే ఆ సంగతి సైకిల్‌కి తెలియదు.

జూడోవాళ్లు వాడే త్రో పరీక్షను కుస్తీకి మార్చుకోండి. ఆరు మీటర్ల ఎడంలో రెండు డమ్మీలు (మనిషి ఆకారపు బొమ్మలు) నిలబెట్టండి. ఒక్కోదాని దగ్గర ఒక మనిషి ఉండి, పడిన డమ్మీని వెంటనే లేపాలి. లేకపోతే ఆటగాడి సమయమంతా దాన్ని ఎత్తడానికే పోతుంది. కుర్రాడు మధ్యలోంచి పరుగెత్తి ఒకదాన్ని, తర్వాత రెండోదాన్ని, మార్చి మార్చి పడేస్తాడు. 15 సెకన్లు, 10 సెకన్ల విరామం, 30 సెకన్లు, మళ్లీ 10 సెకన్ల విరామం, చివరగా 30 సెకన్లు. అందరూ ఒకే రకం త్రో వేయాలి. డమ్మీ వెన్ను మ్యాట్‌కి తగలని త్రోను లెక్కించొద్దు.

ఆగిన క్షణాన ఉన్న పల్స్‌కి, సరిగ్గా నిమిషం తర్వాతి పల్స్ కలిపి మొత్తం త్రోలతో భాగించండి. 186, 155 కలిపితే 341. త్రోలు 22 అయితే సూచీ 15.5. ఎంత తగ్గితే అంత మంచిది. జూడో పట్టికలతో మాత్రం పోల్చకండి, అవి మనుషుల్ని విసిరినవాళ్లవి. కుర్రాణ్ణి అతని పాత అంకెతోనే పోల్చాలి, అదీ అదే డమ్మీతో.

ఎక్కువగా తప్పు జరిగేది పల్స్ దగ్గరే. మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టేటప్పుడు రెండు దెబ్బలు జారితే నిమిషానికి ఎనిమిది తగ్గుతాయి. సూచీ 15.1కి దిగి, లేని మెరుగుదల కనిపిస్తుంది. పల్స్ కొలిచే, ఛాతీకి కట్టే పట్టీ ఒక్కటి కొంటే అందరికీ సరిపోతుంది.

బరువు తగ్గించుకునే వారంలో ఈ పరీక్ష పెట్టొద్దు. నీళ్లు తగ్గిన ఒంట్లో పల్స్ ఊరికే పెరుగుతుంది. మండుటెండ మధ్యాహ్నమూ అంతే. మొదటిసారి వచ్చిన అంకెను పక్కన పెట్టండి, అది పద్ధతి అలవాటు కావడానికే.

మీ ప్రశ్నకు సూచీ కన్నా విడివిడి లెక్కలే బాగా జవాబు చెబుతాయి. రెండు 30 సెకన్లలో 9, 8 పడితే ఫరవాలేదు. 10 పడేసినవాడు 6కి దిగాడంటే మీరు చెప్పిన కుర్రాడు అతనే.