తెల్లారి "ఓకే" అని రిప్లై ఇచ్చిందంట, అయితే ఏంటి?

ప్రశ్న: మేడమ్, నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, హాస్టల్లో ఉంటా. శనివారం రాత్రి ఫెస్ట్ అయ్యాక మా బ్యాచ్ అంతా ఒక సీనియర్ ఫ్లాట్‌కి వెళ్ళాం, నాకు తలనొప్పిగా ఉండి ముందే వచ్చేశా, మా రూమ్మేట్ అక్కడే ఉండిపోయింది. ఆ సీనియర్ తనని రేప్ చేశాడని ఆదివారం సాయంత్రం ఏడుస్తూ చెప్పింది. అరవలేదంట, కాళ్ళూ చేతులూ కదల్లేదంట. తెల్లారి వాడు 'సేఫ్‌గా చేరావా' అని మెసేజ్ పెడితే 'హా ఓకే' అని రిప్లై కూడా ఇచ్చింది. తను ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌కి చెప్తే వాళ్ళు 'మరి రిప్లై ఎందుకిచ్చావ్' అన్నారు, నాకూ అర్థం కావట్లేదు. ఎవరికీ చెప్పొద్దంటోంది. నాకేమో వాడి పేరు క్లాస్ గ్రూప్‌లో పెట్టేయాలనుంది. నేను వచ్చేయకుండా ఉండాల్సింది కదా?

జవాబు: అమ్మా, నీ మెయిల్ సోమవారం రాత్రి వచ్చింది, మంగళవారం పొద్దున్నే రాస్తున్నా, ఎందుకంటే శనివారం రాత్రి నుంచి లెక్కేస్తే ఇంకా 72 గంటలు కాలేదు. మిగతావన్నీ తర్వాత, ముందు హాస్పిటల్ సంగతి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ప్రెగ్నెన్సీ రాకుండా వేసుకునే పిల్ ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, 5 రోజుల దాకా కొంతవరకు పనిచేస్తుంది. స్నానం చేసేసిందనో బట్టలు ఉతికేసిందనో ఆగిపోవద్దు, ఉతకని బట్టలుంటే మాత్రం ప్లాస్టిక్ కవర్లో కాకుండా పేపర్ కవర్లో పెట్టి తీసుకెళ్ళండి. గవర్నమెంట్ అయినా ప్రైవేట్ అయినా ఈ కేసుల్లో ఫస్ట్ ఎయిడ్, ట్రీట్‌మెంట్ ఫ్రీగా ఇచ్చి తీరాలి, చట్టం అది, 'ముందు ఎఫ్ఐఆర్ తీసుకురండి' అనడానికి లేదు. హాస్పిటల్ వాళ్ళు పోలీసులకి సమాచారం పంపుతారు, అయినా ఇప్పుడు కేసు పెట్టను అని తను చెప్పొచ్చు, దానివల్ల ట్రీట్‌మెంట్ ఆగకూడదు. ఏ టెస్ట్‌కైనా తన పర్మిషన్ కావాలి, వద్దనుకున్నది వద్దనొచ్చు. టూ ఫింగర్ టెస్ట్ అని, లోపల వేళ్ళు పెట్టి చూసే పాత పద్ధతి గురించి ఎక్కడైనా చదివి భయపడుతుంటే చెప్పు, అది చేస్తే తప్పుగా పరిగణిస్తామని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది.

ఇక ఆ రిప్లై.

అరవలేదు, తోసేయలేదు, కదల్లేదు అంటే ఒప్పుకున్నట్టే అని చాలామంది లోపల్లోపల అనుకుంటారు, చదువుకున్నవాళ్ళు కూడా. కానీ విపరీతమైన భయంలో ఒళ్ళు బిగుసుకుపోయి గొంతు పెగలకపోవడం మన చేతుల్లో ఉండేది కాదు. స్టాక్‌హోమ్‌లో రేప్ బాధితుల ఎమర్జెన్సీ క్లినిక్‌కి వచ్చిన 298 మంది ఆడవాళ్ళని అడిగితే 70 శాతం మందికి ఆ టైమ్‌లో ఇలా బిగుసుకుపోవడం గట్టిగానే జరిగిందని తేలింది, 2017లో వచ్చిన స్టడీ అది. అంటే కదల్లేకపోయినవాళ్ళే ఎక్కువ అన్నమాట! సినిమాల్లో చూసినట్టు కొట్టి, కొరికి, పరిగెత్తి రావాలని మనం ఇక్కడ కూర్చుని అనుకుంటాం.

తెల్లారి మెసేజ్ కూడా ఆ కోవలోదే. వాడు ముక్కూ మొహం తెలియనివాడు కాదు కదా, రోజూ క్యాంపస్‌లో కనపడే సీనియర్, నలుగురూ మంచోడు అనేవాడు. రిప్లై ఇవ్వకపోతే ఏమనుకుంటాడో, అందరికీ ఏం చెప్తాడో, ఇంకేం చేస్తాడో అన్న భయం ఒకపక్క, ఏమీ జరగనట్టే ఉంటే నిజంగానే ఏమీ జరగనట్టు అయిపోతుందేమో అన్న ఆశ ఇంకోపక్క, ఆ రెండిటి మధ్యా నలిగి పొద్దున్నే సగం నిద్రలో టైప్ చేసిన రెండు ముక్కలు అవి. ముందు రోజు రాత్రికి అవి పర్మిషన్ ఎలా అవుతాయి? ఆ చాట్ డిలీట్ చేయొద్దని చెప్పు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమను, వాడు ఇంకేమైనా పెడితే అవి కూడా. ఆ ఇద్దరు ఫ్రెండ్స్‌ని కాస్త పక్కకి పిలిచి ఈ ముక్క నువ్వే చెప్పు, తను మళ్ళీ వాళ్ళ ముందు కూర్చుని సంజాయిషీ ఇచ్చుకునే పని పెట్టకు.

నువ్వు కూడా 'ఎందుకు' అనే మాట కొన్నాళ్ళు మానెయ్. ఎందుకు వెళ్ళావ్, ఎందుకు ఉండిపోయావ్, ఎందుకు అరవలేదు, ఇవన్నీ అడిగేవాళ్ళకి మామూలు ప్రశ్నలే, వినేవాళ్ళకి మాత్రం తప్పు నీదే అన్నట్టు ఉంటాయి. 'నమ్ముతున్నా, నీ తప్పేం లేదు, ఇప్పుడు నీకేం కావాలి' చాలు. తను ఒక్కో వివరం ఒక్కోసారి ఒక్కోలా చెప్పినా, కొన్ని అసలు గుర్తులేవన్నా, కంగారుపడకు, షాక్‌లో జ్ఞాపకాలు ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. హత్తుకునే ముందు కూడా అడుగు. లైట్ వేసుకుని పడుకుంటానంటే వేసుకోనివ్వు. చచ్చిపోవాలనుంది లాంటి మాట అంటే మాత్రం మాట ఇచ్చానని దాచొద్దు, ఒంటరిగా వదలొద్దు, 112కి చెయ్, మానసిక సాయానికి గవర్నమెంట్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా ఎప్పుడైనా పలుకుతుంది.

గ్రూప్‌లో పేరు పెట్టడం గురించి. నీ కోపం నాకు అర్థమైంది, కానీ వాడి పేరు పెట్టిన అరగంటలో 'ఎవరా అమ్మాయి' అని మొదలవుతుంది, సాయంత్రానికి తన పేరు బయటికొచ్చేస్తుంది. బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురించడం మన చట్టంలో నేరం కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాత్రి తనకి ఇష్టం లేకుండా ఒకడు నిర్ణయం తీసేసుకున్నాడు, ఇప్పుడు ప్రేమతోనే అయినా నువ్వు ఇంకో నిర్ణయం తీసేసుకుంటే ఎలా చెప్పు? హాస్పిటల్‌కి వెళ్ళాలా, కేసు పెట్టాలా, ఇంట్లో చెప్పాలా అన్నీ తనే తేల్చుకోవాలి. నువ్వు దారులు కనుక్కుని చెప్పు.

ఆ దారులేంటంటే, 2015 యూజీసీ రూల్స్ ప్రకారం ప్రతి కాలేజీలోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ ఉండాలి, హెడ్‌గా ఆడ ఫ్యాకల్టీ ఉండాలి, స్టూడెంట్స్ ఇన్వాల్వ్ అయిన కేసైతే స్టూడెంట్ మెంబర్లు కూడా ఉండాలి. కంప్లైంట్ 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పెంచొచ్చు. ఎంక్వైరీ నడుస్తుండగా వాడిని తనకి దూరంగా ఉంచమని, క్లాస్ మార్చమని అడిగే హక్కుంది. కమిటీలో ఎవరున్నారో ఇవాళే నోటీస్ బోర్డులోనో వెబ్‌సైట్‌లోనో చూసి పెట్టు, కొన్ని కాలేజీల్లో అది కాగితం మీదే ఉంటుంది, రాజీ పడమని నచ్చజెప్పేవాళ్ళూ తగులుతారు, అప్పుడు పోలీసుల దారి ఉండనే ఉంది. నేరం ఎక్కడ జరిగినా సరే ఏ స్టేషన్‌లోనైనా కంప్లైంట్ రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి చేస్తే దగ్గర్లో ఉన్న సఖి సెంటర్ చెప్తారు, డాక్టర్, లాయర్, కౌన్సెలర్ సాయం ఒకేచోట దొరికేలా పెట్టినవి అవి.

నువ్వు ముందే వచ్చేయడం గురించి ఒక్క మాట. నీకు తలనొప్పి వచ్చింది, వచ్చేశావ్, అంతే. చేసినవాడు వాడు. 'రాత్రి 8 తర్వాత బయట తిరగొద్దు' అని అమ్మాయిలకి ఏటా సెమినార్ పెట్టే కాలేజీలు అబ్బాయిలని కూర్చోబెట్టి 'ఊ అనకపోతే వద్దనే' అని ఒక్కసారీ చెప్పకపోవడం నాకు ఎప్పుడూ ఒళ్ళు మండే విషయం. ఇకముందు ఎక్కడైనా ఒక అమ్మాయిని ఎవడో పక్కకి తీసుకెళ్తున్నాడు, ఆమె ఇబ్బందిగా ఉంది అనిపిస్తే పెద్ద సీన్ అక్కర్లేదు, 'ఏయ్ నీ ఫోన్ మోగుతోంది, రా' అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయడం చాలు. ఆ రాత్రి అక్కడున్న మిగతా బ్యాచ్‌లో ఎవరైనా ఆ పని చేసి ఉండాల్సింది.

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి తన దగ్గరికి వెళ్ళు. '72 గంటల మందు గురించి తెలిసింది, హాస్పిటల్‌కి వెళ్దామా, నేను వస్తా' అని అడుగు. వద్దంటే తిట్టకు, మధ్యాహ్నం ఇంకోసారి అడుగు.