జెనీవాలో ఒక చిన్న దేశం మిషన్‌లో పనిచేసినప్పుడు నేను చూసింది

ప్రశ్న: "ఐక్యరాజ్యసమితి దగ్గర ప్రతి దేశానికీ పర్మనెంట్ మిషన్ ఉంటుందంటారు. 'బహుళపక్ష సహకారానికి మా దేశం కట్టుబడి ఉంది' అని స్టేట్‌మెంట్లు చదవడం తప్ప వాళ్ళకు వేరే పనేమైనా ఉంటుందా?"

ఉంటుంది. అలాగని మీ అనుమానాన్ని కొట్టిపారేయలేను. బహుళపక్ష సహకారం అంటే దేశాలన్నీ కలిసి పనిచేయడం. ఆ వాక్యాన్ని నా చేత్తో నేనే ఎన్నిసార్లు టైప్ చేశానో లెక్కలేదు. మా ఆయన ఉద్యోగం వల్ల జెనీవా వెళ్ళాం. అక్కడ ఒక పసిఫిక్ ద్వీప దేశం మిషన్‌లో మూడేళ్ళకు పైగా లోకల్ స్టాఫ్‌గా చేశాను. దేశం పేరు చెప్పను, ఎందుకో కింద మీకే అర్థమవుతుంది.

మిషన్, ఎంబసీ ఒకటి కావు. స్విట్జర్లాండ్‌తో వ్యవహారాలు చూసే ఎంబసీలు బెర్న్‌లో ఉంటాయి. జెనీవాలోని మిషన్ పనంతా అక్కడున్న అంతర్జాతీయ సంస్థలతో. మా బాబాయికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. "మీ సార్‌తో ఒక్క మాట చెప్పి మావాడికి వీసా వేయించమ్మా" అని ఫోన్. బాబాయ్, మా సార్ వీసాలివ్వరు, చేపల సబ్సిడీల మీద మాట్లాడతారు అంటే, దాచిపెడుతున్నాను అనుకునేవాడు.

మా మిషన్‌లో మొత్తం నలుగురం. రాయబారి, ఇద్దరు దౌత్యాధికారులు, నేను. చూడాల్సినవేమో మానవ హక్కుల మండలి, వాణిజ్యానికి డబ్ల్యూటీఓ, ఆరోగ్యానికి డబ్ల్యూహెచ్ఓ, కార్మికులకు ఐఎల్ఓ, వాతావరణ సంస్థ, శరణార్థుల సంస్థ, మేధో హక్కుల సంస్థ... ఒకే ఉదయం పది గంటలకు నాలుగు చోట్ల నాలుగు మీటింగులుండేవి. పెద్ద దేశాలు ఒక్కో సంస్థకు వేరే టీమ్‌నే పెట్టుకుంటాయి. మా దగ్గర నా పని ప్రతి సోమవారం పొద్దున్నే ఒక పట్టిక వేయడం, అంటే ఏ గదికి ఎవరు వెళ్ళాలి, ఏ గదిని వదిలేయాలి అని. ఆ పట్టికే మా విదేశాంగ విధానం అని మా రాయబారి జోక్ వేసేవారు. నాకైతే అది జోక్‌లా అనిపించేది కాదు.

స్టేట్‌మెంట్ అందరికీ కనబడేది. మానవ హక్కుల మండలిలో నిమిషంన్నరో రెండు నిమిషాలో ఇస్తారు, టైమ్ దాటితే మైక్ కట్ అవుతుంది. అసలు పని ముసాయిదాల దగ్గర. ఒప్పందంలో ఎవరికైనా నచ్చని మాటను చదరపు బ్రాకెట్లలో పెడతారు. ఇక వారాల తరబడి ఆ బ్రాకెట్లు విప్పడమే పని. 'చేయాలి' అన్న చోట 'చేయవచ్చు' అని పడితే ఆ పేరా ఉన్నా లేనట్టే. మాట్లాడాలనుకున్నవాళ్ళు బల్ల మీదున్న తమ దేశం పేరు పలకను నిలువుగా నిలబెడతారు. సాయంత్రం ఆరుకు ఇంటర్‌ప్రెటర్ల డ్యూటీ అయిపోతుంది. ఆ తర్వాత చర్చ సాగితే ఇంగ్లీషులోనే. ఫ్రెంచ్ మాత్రమే ధారాళంగా వచ్చిన ఆఫ్రికా దౌత్యవేత్తలు ఆరు దాటాక సగం మాటలు మింగేయడం కళ్ళారా చూశాను. రాత్రి తొమ్మిదికి ఆ గదిలో మిగిలినవాళ్ళే ఒప్పందం రాసినవాళ్ళు అవుతారు.

నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్తాను. 'సైలెన్స్ ప్రొసీజర్' అని ఒకటుంది. ఆ చర్చలు నడిపే అధ్యక్షుడు ముసాయిదాను మెయిల్‌లో పంపి, ఫలానా టైమ్ లోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే అంటారు. ఒక గురువారం సాయంత్రం నాలుగుకు అలాంటి మెయిల్ వచ్చింది. గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఇరవై గంటలుంది కదా, పొద్దున చూద్దాంలే అనుకుని ఇంటికెళ్ళి వంకాయ కూర వండుకున్నాను. ఎండాకాలంలో ఆ దేశ రాజధాని గడియారం మాకంటే పది గంటలు ముందుంటుంది. వాళ్ళ ఆఫీసు తెరిచేది మాకు రాత్రి పదికి, మూసేది మాకు తెల్లవారుజామున. నేను శుక్రవారం తొమ్మిదికి ఫోన్ చేసేసరికి అక్కడ రాత్రి ఏడు. వారాంతం కూడా మొదలైపోయింది. ఎత్తేవాళ్ళు లేరు. రాజధానిలోని విదేశాంగ శాఖ మాట లేకుండా మిషన్ సొంతంగా అభ్యంతరం పెట్టడానికి వీల్లేదు. పన్నెండు దాటింది, పేరా పాసైపోయింది. రాయబారి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ రోజు నుంచి ఫోన్‌లో రెండు గడియారాలు పెట్టుకున్నాను. ఇండియా టైమ్ మాత్రం పెట్టుకోలేదు, మా అమ్మ దానికీ అలిగింది.

చిన్న దేశాలు అంత ఇబ్బంది పడుతూ ఎందుకు ఉండాలి అంటారా? 2021 జనవరిలో మానవ హక్కుల మండలి అధ్యక్ష పదవి ఆసియా పసిఫిక్ వంతు. మామూలుగా ఏకగ్రీవం చేసేస్తారు. ఆసారి కుదరక ఓటింగ్ పెట్టారు. 47 ఓట్లలో ఫిజీకి 29, బహ్రెయిన్‌కు 14, ఉజ్బెకిస్తాన్‌కు 4. జనాభా పది లక్షలైనా లేని దేశం రాయబారి నజత్ షమీమ్ ఖాన్ ఆ కుర్చీలో కూర్చున్నారు. మా ఆఫీసులో ఆ రోజు అది మా సొంత గెలుపులాగే ఉంది.

ఇక దేశం పేరు చెప్పకపోవడానికి మొదటి కారణం నా ఆ పొరపాటైతే, రెండోది చేపల సబ్సిడీల ఒప్పందం. డబ్ల్యూటీఓలో దీని మీద బేరాలు 2001లో మొదలయ్యాయి. 2022 జూన్ 12 నుంచి 15 వరకు జరగాల్సిన మంత్రుల సమావేశం సాగి సాగి 17 తెల్లవారుజామున ముగిసింది. అప్పుడు కుదిరింది, అదీ సగమే. పసిఫిక్ దేశాల గోడు ఏమిటంటే, దూర దేశాల పెద్ద పడవలు ప్రభుత్వ డబ్బుతో డీజిల్ కొట్టించుకుని వచ్చి తమ ట్యూనా చేపలను ఊడ్చుకుపోతున్నాయని. మన ఇండియా వాదన వేరు. సముద్రాన్ని ఖాళీ చేసింది ధనిక దేశాల నౌకలు, మా చిన్న జాలర్ల డీజిల్ రాయితీ మీద ఎందుకు పడతారు, దూర సముద్రాల్లో వేటకు పోని వర్ధమాన దేశాలకు 25 ఏళ్ళు గడువివ్వండి అంది.

నేను కాకినాడ అమ్మాయిని. ఉప్పాడ తీరంలో వలలు ఎండేసుకునే వాళ్ళని చూస్తూ పెరిగాను. పొద్దున ఆఫీసులో పసిఫిక్ గ్రూప్ వాదనను నీట్‌గా ఫైల్ చేసి, సాయంత్రం ట్రామ్‌లో ఇండియా వాదన చదువుకుని, రెండూ నిజమే కదా అనుకునేదాన్ని. ఇది ఎవరితోనూ అనలేదు. కడకు అక్రమంగా పట్టే చేపలకూ, ఇప్పటికే అడుగంటిన చేపల జాతుల వేటకూ ఇచ్చే సబ్సిడీలు ఆపాలని ఒప్పందం కుదిరింది. వర్ధమాన దేశాలకు తమ సొంత సముద్ర పరిధిలో రెండేళ్ళ వెసులుబాటు ఇచ్చారు. అసలు గొడవ, అంటే మితిమీరిన పడవల సంఖ్య, మితిమీరిన వేట, పక్కకు పోయింది. మూడింట రెండు వంతుల సభ్య దేశాలు ఆమోదించాక 2025 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. 24 ఏళ్ళు పట్టింది. డబ్ల్యూటీఓ బేరాల్లో మామూలుగా ఓటింగ్ జరగదు, అందరూ సరే అనాలి. అందుకే నలుగురున్న మిషన్‌తో కూడా కూర్చుని మాట్లాడాల్సిందే. ఆలస్యానికీ అదే కారణం అని తిట్టేవాళ్ళు చాలామంది. నాకు మాత్రం ఓటింగ్ పెడితే మా నలుగురినీ ఎవరూ కాఫీకి కూడా పిలవరనిపిస్తుంది.

కాబట్టి ఏ దేశమైనా "కట్టుబడి ఉన్నాం" అంటే నేను ముందు చూసేది చందా. ఐక్యరాజ్యసమితి బడ్జెట్‌లో అతి తక్కువ వాటా 0.001 శాతం, అమెరికాది 22 శాతం. రెండేళ్ళ చందాకు సరిపడా బకాయి పడితే చార్టర్ 19వ అధికరణ కింద జనరల్ అసెంబ్లీలో ఓటు పోవచ్చు. మా మిషన్‌లో జనవరి వస్తే అందరికీ అదే టెన్షన్. తర్వాత చూసేది, రాత్రి తొమ్మిది గంటల మీటింగ్‌కు వాళ్ళ మనిషి ఉన్నాడా అని. ఇది బయటివాళ్ళకు తెలిసే మార్గం లేదు, పాపం.

జెనీవా వెళ్తే ఐక్యరాజ్యసమితి భవనం పాలే దె నాసియోన్‌లో గైడెడ్ టూర్ ఉంటుంది, పాస్‌పోర్ట్ మర్చిపోకండి. తోటలో నెమళ్ళు తిరుగుతుంటాయి. ఆ స్థలం ఇచ్చిన పెద్దమనిషి నెమళ్ళను ఉండనివ్వాలని షరతు పెట్టాడట. నేనున్నన్నాళ్ళూ దాని మీద మాత్రం ఎవరూ బ్రాకెట్లు పెట్టలేదు.