జాగిలం వచ్చేదాకా రోడ్డు పక్కన ఆగాలా?

అమెరికాలో వేగం మించిందని ఆపిన పోలీసు అధికారి కారు వెతుకుతానంటే కాదనవచ్చా, మత్తుపదార్థాలను వాసనతో పసిగట్టే పోలీసు జాగిలం వచ్చేదాకా ఆగమంటే ఆగాలా అని మీరు అడిగారు. వెతకడానికి ఒప్పుకోనని చెప్పే హక్కు మీకు ఉంది. జాగిలం సంగతి మాత్రం అది ఎప్పుడు వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

నాలుగేళ్ల క్రితం కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నుంచి తిరిగి వస్తుండగా మమ్మల్ని ఒక అధికారి ఆపాడు. హెచ్చరిక కాగితం చేతికిచ్చాక, కిటికీ మీద నుంచి చెయ్యి తీయకుండానే, "డిక్కీ ఒకసారి చూడనా?" అని మాటల్లో మాటగా అడిగాడు. డిక్కీలో ఉన్నవి అమ్మ పంపిన కందిపొడి, మునగాకు పొడి పొట్లాలే అయినా, "క్షమించండి, వెతకడానికి నేను ఒప్పుకోను. ఇక వెళ్లవచ్చా?" అన్నాను. జాగిలాన్ని పిలిపిస్తున్నానని చెప్పి మమ్మల్ని పావుగంట నిలబెట్టాడు. జాగిలం దొరకలేదు కాబోలు, చివరికి వెళ్లమన్నాడు. తన సంచిలో కొలరాడోలో కొన్న గంజాయి గమ్మీలు (నమిలే మిఠాయిలు) ఉన్నాయని వెనక సీటులోని మిత్రుడు ఆ తర్వాత చెప్పాడు. అక్కడ అమ్మకం చట్టబద్ధమే అయినా, రాష్ట్రం దాటించడం ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం నేరం. వీసా మీద ఉన్నవారికి అది ఇంకా పెద్ద చిక్కు.

ట్రాఫిక్ పని సాగుతుండగా, ఆలస్యం చేయకుండా, కారు చుట్టూ జాగిలాన్ని తిప్పితే తప్పు లేదని సుప్రీంకోర్టు 2005లో ఇల్లినాయ్ కేసులో చెప్పింది. అయితే ఆ పని ముగిశాక, సహేతుకమైన అనుమానం లేకుండా కేవలం జాగిలం కోసం ఆపడం చెల్లదని 2015లో రోడ్రిగెజ్ కేసులో తేల్చింది. నెబ్రాస్కాలో జరిగిన ఆ ఘటనలో అదనంగా ఆపింది ఏడెనిమిది నిమిషాలే.

జాగిలం పసిగట్టినట్లు సైగ చేస్తే మాత్రం మీ అంగీకారంతో పని లేదు, వారంటూ అక్కర్లేదు. జాగిలం శిక్షణ సరిగా ఉందా అన్నది కోర్టులో వాదించుకోవలసిన మాటే తప్ప రోడ్డు మీద తేలేది కాదు. ఒప్పుకోకపోయే హక్కు ఉందని అధికారి మీకు చెప్పాల్సిన పని కూడా లేదు కనుక, అడిగినప్పుడు ఊరికే తల ఊపకుండా నోటితో స్పష్టంగా కాదనండి. ఆపైన వెతికితే అడ్డు పడకండి, వెళ్లమనే దాకా కదలకండి, సమయం గుర్తుపెట్టుకుని న్యాయవాదికి చెప్పండి.

అంతా గెలిచినట్లే అనుకోవద్దు. రోడ్రిగెజ్ కారులో మెథాంఫెటమిన్ అనే మత్తుమందు దొరికింది; సుప్రీంకోర్టులో నెగ్గినా, అప్పటికి అమలులో ఉన్న తీర్పులను నమ్మి అధికారి నడుచుకున్నాడంటూ కింది అప్పీలు కోర్టు అతని శిక్షను అలాగే ఉంచింది.