ఆ అబ్బాయి మాట మీ దగ్గరే ఉండనివ్వండి

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్‌ని. సెకండియర్ అబ్బాయి ఒకడు సాయంత్రం ల్యాబ్ అయ్యాక ఆగిపోయి, తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని ఏడుస్తూ చెప్పాడు. హాస్టల్లో రూమ్మేట్లు సగం మగాడన్నట్టు ‘పాయింట్ ఫైవ్’ అని పిలుస్తున్నారట. వాళ్ల నాన్నకి ఆకివీడు వైపు రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారని వణికిపోతున్నాడు. తల్లిదండ్రులకి చెప్పడం నా బాధ్యత కాదా? ఇలాంటి పిల్లలకి ఎలా తోడుండాలో స్టాఫ్‌కీ స్టూడెంట్స్‌కీ ట్రైనింగ్ పెట్టాలని కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మేడమ్, చెప్పకండి. ఇంట్లోనే కాదు, స్టాఫ్ రూమ్‌లో మీకు బాగా దగ్గరైన వాళ్లకి కూడా. మన డెల్టాలో మాట ఎలా ప్రయాణిస్తుందో మీకు తెలియంది కాదు. మీరిక్కడ ఒకరి చెవిన వేస్తే, సాయంత్రం బస్సు ఆకివీడు చేరేలోగా అది చెరువు గట్టు మీద ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి విషయంలో లెక్చరర్ మంచి మనసుతోనే ఇంటికి ఫోన్ చేశారు. వారంలో అతన్ని తీసుకెళ్లిపోయి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పరీక్షలు కూడా రాయనివ్వలేదు.

చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మాత్రం ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీరే పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంటివాళ్లని పిలవక తప్పని పరిస్థితి వచ్చినా ‘బాగా దిగులుగా ఉన్నాడు, రండి’ అంటే చాలు. కారణం చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం.

ఇక ట్రైనింగ్. ‘ఇవన్నీ మన కాలేజీకెందుకు’ అని ప్రిన్సిపల్ గారు అంటే, యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు ముందు పెట్టండి. లైంగిక ఆసక్తినో ట్రాన్స్‌జెండర్ అన్న విషయాన్నో పట్టుకుని ఏడిపించడం, వెలివేయడం కూడా ర్యాగింగేనని 2016 సవరణలో స్పష్టంగా ఉంది. ‘పాయింట్ ఫైవ్’ అన్న పిలుపు అందులోకే వస్తుంది. మేజర్లయిన ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇదేదో జబ్బు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడు అనేవాళ్లు స్టాఫ్‌లో తప్పకుండా ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. ‘మార్చేస్తాం’ అని వైద్యం చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ప్రకటించింది. ఈ నాలుగు మాటలకి పావుగంట చాలు.

మిగతా టైమంతా ప్రాక్టీస్‌కే ఇవ్వండి. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు ఆ అబ్బాయిలా ‘మేడమ్, మీకొకటి చెప్పాలి’ అని మొదలుపెట్టాలి. రెండో వాళ్లు ఏమంటారో చూడండి. చాలామంది ముందు సలహానే ఇస్తారు, లేదంటే ‘నీకు ఖచ్చితంగా తెలుసా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నతోనే పిల్లవాడు ముడుచుకుపోతాడు. ‘నాకు చెప్పినందుకు సంతోషం. ఇది ఇంకెవరికైనా తెలుసా? నేనేం చేస్తే నీకు బాగుంటుంది?’ అన్న మూడు వాక్యాలు నోటికి అలవాటయ్యేదాకా చేయించండి. సిగ్గుపడతారు, నవ్వుతారు. ఫర్వాలేదు, మళ్లీ చేయించండి.

వాచ్‌మన్‌నీ, మెస్‌లో వడ్డించేవాళ్లనీ, ఆఫీసు క్లర్కునీ మర్చిపోకండి. రోజూ ఆ మాటలు వినేది వాళ్లే, ఒక్కోసారి అనేది కూడా వాళ్లే. స్టూడెంట్స్‌లో క్లాసు లీడర్ల కన్నా, నలుగురూ ఎవరి మాట వింటారో వాళ్లని ఎంచుకోండి. క్రికెట్ టీమ్ కెప్టెన్ ‘ఆపరా, అలా పిలవకు’ అంటే ఆ మాటకుండే బరువు మన నోటీసుకి ఉండదు. అది అక్కడికక్కడే అనడం కూడా వాళ్లకి ప్రాక్టీస్ చేయించండి. ఒక్క జాగ్రత్త: ఆ అబ్బాయిని ఉదాహరణగా చెప్పొద్దు, పేరు దాచి కూడా. రూమ్మేట్లు ఇట్టే పట్టేస్తారు.

రూమ్ మార్చాలా అన్నది కూడా అతన్ని అడిగాకే. సరేనంటే, సెమిస్టర్ మొదట్లో అందరికీ మార్చేటప్పుడు కలిపి మార్చండి, ఎవరికీ అనుమానం రాదు. అంతవరకు ఆగలేనంటే వేరే సాకు చూడండి. సంక్రాంతి సెలవుల ముందు ఒకసారి పిలిచి మాట్లాడండి. పండక్కి చుట్టాలంతా చేరితే ‘చదువైపోగానే పెళ్లేనా’ అని మొదలుపెడతారు కదా, అప్పుడేమంటాడో ముందే ఇద్దరూ అనుకోండి. మీ నంబరిచ్చి, భోగి నాడైనా సరే ఫోన్ చేయమనండి.